తెల్ల గీత మీద నడక

ఈ కథ ఎలా ముగుస్తుందో అందరికీ తెలుసు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా మనుషులు నడిచిపోయే దారి ఒకటి ఉండేది. ఇప్పుడక్కడ రోడ్డుంది. వానొస్తే నల్లగా మెరిసే మంచి రోడ్డు. నడిచేవాళ్లకు మాత్రం దాని మీద చోటు లేదు. ఎక్కడైనా ఉంటే అది లారీవాడు దయతలిస్తే దొరికే జాగా. ఆ చోటు ఒక్క రాత్రిలో పోలేదు. ఫలానావాడు పట్టుకుపోయాడని వేలెత్తి చూపడానికీ లేదు. నూటయాభై ఏళ్ల పొడుగునా జానెడు, బెత్తెడు చొప్పున తరిగిపోతూ వచ్చింది. తరిగిన ప్రతిసారీ, ఇక్కడ ఆపితే ఆగేదే కదా అనిపించే మలుపు ఒకటి కనిపిస్తుంది. ఆ మలుపుల దగ్గర కాసేపు నిలబడి తలుచుకుందామనే ఈ నాలుగు మాటలు. కథ తెలిసినవాళ్లం కాబట్టి ఏమవుతుందోనన్న ఆత్రం ఉండదు. అయ్యో, ఇక్కడైనా ఆగకూడదా అన్న దిగులే ఉంటుంది.

మొదట్లో అది భక్తుల దారి. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చి, గోదావరి ఒడ్డున గుడి కట్టించి, ఆ సొమ్ము లెక్క కోసం గోల్కొండ చెరలో మగ్గిన కథ తెలియని తెలుగిల్లు లేదు. పదిహేడో శతాబ్దపు చివరి మాట అది. అంతకుముందే పోకల దమ్మక్క ఆ కొండ మీద రాముడికి పందిరి వేసిందని స్థలపురాణం చెబుతుంది. గుడి లేచాక దారి దానంతటదే పడింది. పాదాలు వేసిన దారి అది. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక. ఈ ఊళ్ల పేర్లు వరసగా అంటుంటే చాలు, నవమికి నడిచివెళ్లిన పెద్దమ్మలకు ఎక్కడ చింతల నీడ ఉండేదో, ఎక్కడ బావి నీళ్లు తియ్యగా ఉండేవో గుర్తుకొస్తాయి. ఇంచుమించు 120 కిలోమీటర్ల నడక. నవమికైతే చైత్రమాసపు ఎండ, ముక్కోటికైతే ధనుర్మాసపు మంచు. దారిపొడుగునా చలివేంద్రాలు, పానకం, వడపప్పు, మజ్జిగ. ఊరి అరుగులే సత్రాలు. ఆ అడవిలో భయాలు లేకపోలేదు. పులి భయం ఉండేది, చలిజ్వరం భయం ఉండేది, గోదావరి పొంగితే పడవ భయం ఉండేది. వెనకనుంచి వచ్చి మీద పడే భయం మాత్రం ఉండేది కాదు.

అదే అడవిలో ఇంకో నడక ఉంది. దానికి పండగతో పని లేదు. కోయలు, కొండరెడ్లు సంతకు పోయే నడక. చింతూరు, కూనవరం, చర్ల సంతలకు తెల్లారకముందే బయలుదేరి, ఇప్పపువ్వో చింతపండో నెత్తిన మోసుకుపోయి, ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని, పొద్దుగూకేలోపు గూడేనికి చేరే నడక. దాన్ని దగ్గరగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఎంతమంది ఉన్నా పక్కపక్కన నడవరు. ఒకరి వెనక ఒకరు నడుస్తారు. అడవిలో కాలిబాట వెడల్పు ఒక అడుగే కదా. ముందు నడిచే మనిషి తల తిప్పకుండానే మాట్లాడుతుంది, మాట చివరి మనిషి దాకా పోతుంది. ముల్లు కనబడితే ముందువాళ్లు చెబుతారు, పాము కనబడితే ముందువాళ్లు ఆగుతారు. పసివాళ్లను నడుమ పెట్టుకుంటారు. ఎన్ని తరాల అలవాటో అది. తారురోడ్డు పడ్డాక కూడా ఆ వరస చెదరలేదు. రోడ్డు అంచున ఈనాటికీ అలాగే, ఒకరి వెనక ఒకరు. ప్రమాదం ఎప్పుడూ ముందునుంచే వస్తుందన్న నమ్మకం మీద కట్టుకున్న వరస అది. లారీ వెనకనుంచి వస్తుంది.

మొదటి మలుపు నేల మీద కాదు, గోదావరి మీద వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌కు ఇంకా పెద్ద కల ఒకటి ఉండేది. సముద్రం నుంచి మధ్యదేశం దాకా గోదావరి మీద సరుకు పడవలు నడవాలి. రాళ్లు అడ్డుపడే చోట ఆనకట్ట కట్టి, పక్కనుంచి కాలువ తవ్వి, లాకులు పెట్టి పడవను పైకి ఎక్కించాలి. ఆ పనిని హేగ్ అనే ఇంజనీరు నెత్తిన వేసుకున్నాడు. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట లేచింది, లాకులు లేచాయి. 1871లో, దీని మీద ఇంక ఖర్చు దండగని పై ప్రభుత్వం పని ఆపేసింది. సరిగ్గా అదే ఏడు, 1871లో, విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర నేల కింద బొగ్గుందని కనిపెట్టాడు. బరువు బయటపడ్డ ఏడే, బరువు మోయగల నదిని వదిలేశారు. పడవలు నడిచి ఉంటే లారీలు వచ్చేవి కావా అంటే, వచ్చేవేమో. ఎవరు చెప్పగలరు. కానీ దుమ్ముగూడెంలో ఆ పాత రాతికట్టు మీద నిలబడి అవతల రోడ్డున ఇసుక లారీల హోరు వింటే, మనసు ఆ లెక్క వేయకుండా ఊరుకోదు.

బొగ్గు కోసం రైలు వచ్చింది. ముందు ఇల్లందుకు, తర్వాత 1927లో కారేపల్లి నుంచి కొత్తగూడేనికి. కొత్తగూడెం స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టారు. అక్కడి నుంచి గోదావరి ఒడ్డు ఇంకా నలభై కిలోమీటర్లు. బొగ్గు ఉన్నచోటికి పట్టాలు వేశారు, మనుషులు పోయేచోటికి వేయలేదు. భక్తుడు రైలు దిగి, మూట భుజాన వేసుకుని మళ్లీ నడిచేవాడు, లేదా బండి కట్టించుకునేవాడు. మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా కొత్త లైనుకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది 2024 ఆగస్టులో. దాదాపు నూరేళ్ల తర్వాత. ఈ నూరేళ్లలో ఆ నలభై కిలోమీటర్ల మీద ఎంత బరువు నడిచిందో, ఎంతమంది ఆ బరువుకు పక్కకు తప్పుకున్నారో.

ఆ పట్టాల పక్కన కొంతకాలం ఒక అందం కూడా బతికింది. దాన్ని చెప్పకుండా పోతే ఈ కథకు అన్యాయం చేసినట్టవుతుంది. సింగరేణివాళ్లు గనిని బాయి అంటారు. బాయి పని, బాయి డ్రెస్సు, బాయి దొర. కొత్తగూడెంలో, ఇల్లందులో షిఫ్టు సైరన్ మోగితే సైకిళ్లు బయలుదేరేవి. పదులు కాదు, వందలు. హ్యాండిల్‌కు వేలాడే క్యారేజీ, వెనక కట్టిన బాయి డ్రెస్సు మూట, ముందు కడ్డీ మీద ఒక్కోసారి బడికి పోయే పిల్లాడు. చలికాలం తెల్లవారుజామున మొదటి షిఫ్టు సైకిళ్లు పోతుంటే లైట్ల కన్నా ముందు బెల్లులు వినిపించేవి. రోడ్డు ఈ చివరనుంచి ఆ చివరదాకా వాళ్లదే ఆ అరగంట. బస్సయినా లారీ అయినా సైకిళ్ల వెనకే నెమ్మదిగా రావలసిందే. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షమందికి పైగా కార్మికులుండేవాళ్లు. రోడ్డు మీద సైకిలువాడిని కాపాడింది ఏ చట్టమూ కాదు, పక్కనే ఉన్న ఇంకో వందమంది సైకిలువాళ్లు. గుంపుగా ఉన్నంతకాలం రోడ్డు వాళ్లను గుర్తుపట్టింది.

అండర్‌గ్రౌండ్ బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఓపెన్‌కాస్టులు వచ్చాయి. కార్మికులు లక్ష నుంచి నలభై వేల దగ్గరికి తగ్గారు. బొగ్గు మాత్రం తగ్గలేదు, పెరిగింది. మనిషి భుజం మీదినుంచి దిగిన పని టిప్పర్ల మీదికెక్కింది. సైకిళ్ల గుంపు విడిపోయి, మోటారు సైకిళ్లయింది. మిగిలిన సైకిలువాడు ఒంటరి అయ్యాడు. పాలు పోసేవాడు, కట్టెలు తెచ్చేవాడు, వాచ్‌మన్ డ్యూటీకి పోయేవాడు, బడిపిల్ల. వెనక మడ్‌గార్డు మీది ఎర్ర అద్దం బిళ్ల ఎప్పుడో పగిలిపోయి ఉంటుంది. ఆ బిళ్ల ఖరీదు టీ ఖర్చు. అది లేనందుకు చెల్లించే ఖరీదు మాత్రం వేరు.

వంతెన దగ్గరికి వద్దాం. 1965 జులైలో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ భద్రాచలం దగ్గర గోదావరి వంతెనను ప్రారంభించారు. కిలోమీటరుకు పైగా పొడవు. అంతవరకూ పడవలూ లాంచీలూ దాటించిన నదిని మనుషులు మొదటిసారి కాళ్లతో దాటారు. ఆ సంబరం ఎలాంటిదో ఊహించుకోవచ్చు. రెండు బండ్లు ఒరుసుకుంటూ పోయే వెడల్పు అప్పటికి చాలా ఎక్కువే. తర్వాత కథ మారింది. పాల్వంచలో థర్మల్ కేంద్రం వచ్చింది. 1970ల చివర సారపాకలో కాగితం మిల్లు నడవడం మొదలుపెట్టింది, దానికి సుబాబుల్, జామాయిల్ కర్ర లారీల కొద్దీ రావాలి. విజయవాడ నుంచి జగదల్‌పూర్ పోయే రోడ్డు జాతీయ రహదారి అయింది, ముందు 221 అన్నారు, ఇప్పుడు 30 అంటున్నారు. ఛత్తీస్‌గఢ్ సరుకంతా ఆ వంతెన మీదినుంచే. దాదాపు అరవై ఏళ్లపాటు ఆ ఒక్క వంతెన మీదే అన్నీ. నడిచేవాళ్లు రెయిలింగుకు ఆనుకుని, లారీ పోయేదాకా ఊపిరి బిగబట్టి నిలబడి, పోయాక నాలుగడుగులు వేసి, మళ్లీ నిలబడి. పసిబిడ్డను చంకన వేసుకున్న తల్లి ఎప్పుడూ బిడ్డను నదివైపుకు మార్చుకుంటుంది. కింద గోదావరి అంత లోతున్నా, ఆమెకు నదే నమ్మకంగా తోస్తుంది.

పక్కన రెండో వంతెన పని 2015లో మొదలైంది. పూర్తయి తెరుచుకునేసరికి 2024. తొమ్మిదేళ్లు. ఆ నడుమ 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు పొంగినప్పుడు పాత వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 1986 వరద 75.6 అడుగుల తర్వాత అంత నీరు మళ్లీ అప్పుడే. ఊరంతా గుండె చేతబట్టుకుని ఉన్న రోజులవి. వంతెన మీద లారీ అలికిడి లేకుండా చేయడానికి అంత వరద కావాల్సి వచ్చింది.

ఇంకో మలుపు సత్తుపల్లిది. నాకు అన్నిటికన్నా బాధనిపించేది ఇదే, ఎందుకంటే ఇక్కడ మందు ఏమిటో అందరికీ ముందే తెలుసు. సత్తుపల్లి ఓపెన్‌కాస్టుల బొగ్గు కొత్తగూడెం చేరాలి. నడుమ యాభై, అరవై కిలోమీటర్లు. ఊళ్లు, బడులు, పొలాలు, పామాయిల్ తోటలు. ఏళ్ల తరబడి ఆ బొగ్గు టిప్పర్ల మీదే నడిచింది. రాత్రీ పగలూ, ఒకదాని వెనక ఒకటి. ఇంటి గుమ్మాల మీద నల్లటి పొర, పత్తి మీద నల్లటి పొర, రోడ్డు దాటడానికి నిలబడ్డ ముసలివాళ్ల పంచెల మీద నల్లటి పొర. రైలు లైను వేయాలని అనుకున్నారు, సింగరేణీ రైల్వేలూ కలిసి ఖర్చు పంచుకోవాలనుకున్నాయి. భూమి తీసుకోవడం, అడవి అనుమతులు, ఒప్పందాలు. సుమారు 54 కిలోమీటర్ల ఆ లైను, దాదాపు వెయ్యి కోట్ల ఖర్చుతో పూర్తయి, 2022 నవంబరు 12న రామగుండంలో ప్రధానమంత్రి చేతుల మీదుగా జాతికి అంకితమైంది. మంచిదే. చాలా మంచిదే. బొగ్గు పట్టాలెక్కింది. కానీ ఆ లైను కోసం ఎదురుచూసిన ఏళ్లలో ఆ రోడ్డు మీద ప్రాణాలు పోయిన ఇళ్లకు వెళ్లి, ఇప్పుడు రైలు వచ్చిందమ్మా అని ఎవరు చెబుతారు? పదేళ్ల ముందు పూర్తయి ఉంటే అన్న మాట ఆ ఊళ్లలో ఎవరూ పైకి అనరు. అని ఏం లాభం.

ఇక రోడ్డు వెడల్పు చేసిన కథ. రోడ్డు వెడల్పయితే నడిచేవాడికి చోటు పెరగాలని అనుకుంటాం కదా. జరిగింది తలకిందులు. తారు అటూ ఇటూ జరిగింది, పక్కనున్న చింతచెట్లు పోయాయి, చెట్ల కింది మెత్తటి మట్టిబాట తారు కిందకు పోయింది. మిగిలింది తారు అంచు కింద ఒక అడుగో అడుగున్నరో కోసుకుపోయిన మొరం బెర్ము. గులకరాళ్లు, సీసా పెంకులు, పల్లేరు ముళ్లు. అక్కడక్కడ ఆరబోసిన వడ్లు, మక్కలు, వాటి చుట్టూ వరసగా పెట్టిన రాళ్లు. భద్రాద్రికి నడిచేవాళ్లు చాలామంది చెప్పులు లేకుండా నడుస్తారు. బెర్ము మీద నడిస్తే అరికాళ్లు చీరుకుపోతాయి. తారు మీద నడిస్తే మధ్యాహ్నానికి బొబ్బలు. అందుకని వాళ్లకొక ఉపాయం దొరికింది. రోడ్డు అంచున వేసిన తెల్ల గీత. తెల్ల రంగు తారంత కాలదు, నున్నగా ఉంటుంది. పసుపు బట్టలు కట్టుకున్న మనుషులు ఆ సన్నటి గీత మీద పాదం వెనక పాదం పెట్టి నడుస్తూ ఉంటారు. వాహనం హద్దు దాటకూడదని గీసిన గీత అది. ఈ దారిలో కాళ్లు కాలకుండా ఉండటానికి మిగిలిన ఒకే ఒక్క చోటు కూడా అదే.

ఎండ దెబ్బకు జడిసి తెల్లవారుజామున మూడింటికే లేచి నడుస్తారు. అప్పుడే లారీ డ్రైవరు కళ్లు మూతలు పడే వేళ. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వస్తున్న బండి ఒక్క సెకనులో పదిహేడు మీటర్లు పోతుంది. ముందు మనిషి ఉన్నట్టు కళ్లు చూసి, ఆ సంగతి కాలికి అందేలోపే ఆ పదిహేడు మీటర్లూ అయిపోతాయి. బ్రేకు పడేది ఆ తర్వాత. ఎదురుగా వచ్చే బండి డిమ్ చేయకపోతే ఆ నాలుగైదు సెకన్లపాటు డ్రైవరుకు రోడ్డు అంచు కనిపించదు. ఆ చీకట్లోనే గీత మీద మనుషులుంటారు. ఆగిన లారీ వెనకనుంచి వచ్చేవాళ్లుంటారు. వాన కురిసిన రాత్రయితే ముదురు రంగు బట్టలూ తడి రోడ్డూ ఒకే రంగులో కలిసిపోతాయి. సగటు వేగం నూటికి ఒక వంతు పెరిగితే ప్రాణాలు తీసే ప్రమాదాలు నాలుగు వంతులు పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రోడ్డు బాగుపడిందని మనం సంతోషించిన ప్రతిసారీ పెరిగింది ఆ వేగమే.

ఇంత చెప్పి డ్రైవరును దోషిని చేయడం నా ఉద్దేశం కాదు. ఆ కుర్రాడూ ఇలాంటి ఊరివాడే. ట్రిప్పుల లెక్కన బతుకు, నిద్ర లేని రాత్రి, ఇసుక ర్యాంపులో గంటల తరబడి వరస, పోగొట్టుకున్న ఆ గంటల్ని రోడ్డు మీద వెనక్కి తెచ్చుకోవాలనే తొందర. ప్రమాదం జరిగాక ఆగితే జనం కొడతారని భయం, ఆగకపోతే జన్మంతా వెంటాడే భయం. చాలామంది ఆగరు. ఆగని ఆ కొద్ది నిమిషాల్లోనే, ఆగి ఉంటే దక్కే ప్రాణాలు కొన్ని పోతాయి. 108కు ఫోన్ చేద్దామన్నా అడవి నడుమ సిగ్నల్ అందని చోట్లున్నాయి. తలకు దెబ్బ తగిలితే ఖమ్మమో వరంగలో పోవాలి.

సరిహద్దు సంగతి ఒకటుంది. 2014లో పోలవరం ముంపు పేరున ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండిపోయింది, పక్కనున్న ఎటపాక, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల అటు పోయాయి. గుడి నుంచి పర్ణశాలకు బయలుదేరిన మనిషి ఒక రాష్ట్రం దాటి మళ్లీ అదే రాష్ట్రంలోకి వస్తాడు. నడిచేవాడికి ఆ గీతలు కనిపించవు. రోడ్డు మరమ్మతు ఎవరిది, వేగానికి అడ్డుకట్ట ఎవరు వేయాలి, లైటు ఎవరు పెట్టాలి అన్నప్పుడు మాత్రం కనిపిస్తాయి. పైన ఛత్తీస్‌గఢ్ సరిహద్దు. 2005 తర్వాత అక్కడి అల్లర్లకు ఊళ్లు వదిలి వచ్చి ఈ అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలున్నారు. మిరపకోతలకు, కూలికి రోడ్డు పట్టుకుని నడుస్తారు. వాళ్లలో ఒకరు రాత్రివేళ రోడ్డు మీద చనిపోతే, మనిషి ఎవరో చెప్పడానికి కూడా పొద్దున్నదాకా ఎవరూ రారు.

ఆడపిల్లలు బడి మానకూడదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకప్పుడు బడికొస్తా పథకం కింద సైకిళ్లు ఇచ్చింది. విలీన మండలాల పిల్లలకు అది ఎంత ఆసరానో. సైకిలు ఇచ్చిన చేతులే సైకిలు పోయే మూడడుగుల జాగా కూడా ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది. ఏ తండ్రీ కూతురిని సైకిలు మీద హైవే ఎక్కించడానికి ఇష్టపడడు. అలా ఇంట్లో గోడకు ఆనించిన సైకిళ్లు ఏ ప్రమాదాల లెక్కలోకీ రావు. మనిషి చావకుండానే పోయినవి ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. అమ్మమ్మ ఊరికి నడిచిపోయే సెలవులు, పొలం నుంచి ఒంటరిగా తిరిగొచ్చే సాయంత్రాలు, రోడ్డవతల చుట్టమింటికి పొద్దుపోయాక వెళ్లొచ్చే చనువు. రోడ్డు ఊరిని రెండు ముక్కలు చేసింది, ముసలివాళ్లు తమవైపు ముక్కలోనే ఉండిపోయారు.

చట్టం రాలేదని అనలేం. వచ్చింది, ఆలస్యంగా వచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. రోడ్డును లోపంగా కట్టి ప్రాణం పోవడానికి కారణమైతే కట్టినవాళ్లకు లక్ష రూపాయల దాకా జరిమానా వేసే సెక్షన్ 198ఎ అందులో ఉంది. నడిచేవాళ్ల కోసం, సైకిళ్ల కోసం రాష్ట్రాలు నియమాలు చేసుకోవచ్చని సెక్షన్ 138(1ఎ) చెబుతోంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకంలో ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్ల వెడల్పుండాలని ఎప్పటినుంచో రాసి ఉంది. 2025 మే 14న సుప్రీంకోర్టు, నడిచే బాట మీద హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. మన దేశంలో 2023లో రోడ్డు ప్రమాదాల్లో 1,72,890 మంది పోతే, వాళ్లలో 35,221 మంది నడుస్తున్నవాళ్లు. అయిదుగురిలో ఒకరు. ఏ బండీ నడపనివాళ్లు, ఎవరినీ గుద్దే శక్తి లేనివాళ్లు.

కాగితం మీద ఇంత ఉండి, పాల్వంచ దాటాక అడవిలో ఒక పక్కనైనా నడిచేవాళ్లకు మెత్తటి మట్టిబాట వేయడానికి ఏం అడ్డం? వంతెనంత ఖర్చు లేదు, రైలు లైనంత కాలం పట్టదు. నవమికి నెలముందు బెర్ము చదును చేసి, ముళ్లు తీయించి, తెల్లవారుజామున రెండు మూడు గంటలు టిప్పర్లను ఆపితే చాలు. పండగరోజు కొండ కింద చేసే ఏర్పాట్లలో పదోవంతు శ్రద్ధ దారి మీద పెడితే చాలు. అడిగేవాళ్లు లేక కాదు. అడిగేవాళ్లు నడిచేవాళ్లు కాబట్టి వాళ్ల మాట అంతదూరం వినిపించదు, అంతే.

ఈ దారి పట్టే పాఠకులకు ఒక మాట. నడుస్తుంటే ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడిపక్కన నడవండి. చీకటిలో గుంపు ముందొకరు, చివరొకరు టార్చిలైటు పట్టుకోండి, వీపున మెరిసే పట్టీ ఒకటి అంటించుకోండి. బండి నడుపుతుంటే పసుపు బట్టలు కనిపించిన చోట వేగం సగానికి దించండి, హారన్ కొట్టకండి, ఉలిక్కిపడ్డ మనిషి ఎటు అడుగేస్తాడో తెలియదు.

మీ ఊళ్లో ఆగకుండా పోయిన బండికి మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఉంటే, వాళ్లకు ఈ సంగతి తెలుసో లేదో కనుక్కోండి. 2022 ఏప్రిల్ 1 నుంచి అలాంటి చావుకు పరిహారం 2 లక్షల రూపాయలు, తీవ్రమైన గాయానికి 50 వేలు. అంతకుముందు అవి 25 వేలు, 12,500. బండి ఆచూకీ నెలలోగా దొరక్కపోతే ఈ పథకం గురించి పోలీసులే ఆ కుటుంబానికి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2024 జనవరిలో ఆదేశించింది. దరఖాస్తు ప్రమాదం జరిగిన చోటి ఆర్డీవోకో తహసీల్దారుకో ఇవ్వాలి, మంజూరు చేసేది జిల్లా కలెక్టరు. రాయడం రాని ఇల్లయితే మీరే కూర్చుని రాసిపెట్టండి.